ముప్పై ఎనిమిది

చింగెల్తే కొండవాలులో
సాయంత్రం ఆరింటికి గెర్‌లలో పొయ్యిలన్నీ ఒక్కసారే దగ్గుతాయి.
పొగ పైకి పోదు, తలుపు సందులోంచి
మళ్లీ ఇంట్లోకే వస్తుంది, అలిగి వెళ్లిన మనిషిలా.
జనవరి. సున్నాకి ముప్పై ఒకటి కింద.
స్టెతస్కోపు బిళ్లను చంకలో దాచుకుని నడుస్తాను,
చల్లగా తగిలితే పసిపిల్ల ఉలిక్కిపడుతుందని.

ఖొంగొర్‌జుల్‌కి రెండేళ్లు.
మూడు రోజుల జ్వరం, ఆగని రొంప.
"చీమిడి పచ్చబడింది," అంది నాయనమ్మ దరిమా,
తీర్పు చదివినట్టు.
"ఇంక ఆ మందు రాయాల్సిందే.
పక్క గెర్‌లో పిల్లాడికి రాశారుగా."

పిల్ల ఏడుస్తోంది.
లెక్కపెట్టాను: యాభై రెండు.
ఏడుపులో తీసిన లెక్క లెక్క కాదు.
కూర్చున్నాను.
దరిమా ఉప్పు టీ పోసింది, నా వైపు చూడకుండా.
పొయ్యిలో ఒక బొగ్గు పగిలింది.
ఏడుపు వెక్కిళ్లయింది, వెక్కిళ్లు నిద్రమత్తయ్యాయి.
అప్పుడు చొక్కా పైకెత్తి
గడియారం ముల్లును, ఆ చిన్న పొట్టను
రెంటినీ ఒకే కంటితో చూడటం మొదలుపెట్టాను.

ఒక నిమిషం ఎంత పొడుగో
బస్సుకోసం పరిగెత్తేవాళ్లకి తెలీదు.
పదకొండు, పన్నెండు.
డొక్కలు ఎగరేయడం లేదు.
ఇరవై. ముక్కుపుటాలు కదలడం లేదు.
ఇరవై తొమ్మిది దగ్గర దరిమా ఏదో అడగబోయి ఆగింది.
ముప్పై ఎనిమిది.
ఈ వయసుకి నలభై దాటితే నా చెయ్యి వేరేలా కదిలేది.
గుండె మీద బిళ్ల పెట్టి విన్నాను:
పిల్లికూతలు లేవు, చిటపటలు లేవు,
ముక్కులోని గురగుర ఒక్కటే, పాత కిటికీలా.

"ఇది వైరస్. ఆ మందుకి ఇది లొంగదు," అన్నాను.
"మరి ఇంత దూరం ఎందుకొచ్చావు?"

ఎలా చెప్పను?
నవంబరులో ఇదే వాలులో, నీళ్లబండి ఆగే మలుపు దగ్గర,
ఎనిమిది నెలల పిల్లాడు నిమిషానికి అరవై నాలుగు,
ప్రతి ఊపిరికీ పక్కటెముకల కింద గుంట.
అప్పుడు రెండో ఆలోచన లేదు.
మొదటి మోతాదు నా చేత్తోనే పోశాను,
అంబులెన్సులో వాడి పాదం పట్టుకుని కూర్చున్నాను.
ఆ మందు అలాంటి రాత్రుల కోసం.
వార్డులో ఇంకో కాగితం కూడా చూశాను,
ఒక పిల్ల కఫం పరీక్ష:
తొమ్మిది మందుల పేర్లు, ఎదురుగా తొమ్మిది అడ్డగీతలు.
ఆ కాగితం దరిమాకి చూపించలేను.
చూపించినా, అది వేరే పిల్ల అంటుంది.
నిజమే, అది వేరే పిల్ల.

కాబట్టి చిన్న మాటలే చెప్పాను.
పాలు కొంచెం కొంచెంగా పట్టించు. ముక్కు తుడువు.
పొయ్యికి దూరంగా పడుకోబెట్టు.
తాగడం మానేసినా, డొక్కలు ఎగరేసినా,
ఊపిరి పరుగెత్తినా, అర్ధరాత్రయినా ఫోను చెయ్యి.
జ్వరం ఎలా ఉన్నా ఎల్లుండి నాకు చూపించు.
నంబరు ఆమె అరచేతిలో రాశాను, కాగితం పొయ్యిలోకి పోతుందని.

ఆ రెండు రాత్రులూ ఫోను దిండు కింద పెట్టుకున్నాను.
మోగలేదు.
మోగని ఫోను కూడా నిద్రపోనివ్వదు.
ముప్పై ఎనిమిదేనా? ముప్పై తొమ్మిదిని మింగేశానా?

మూడో రోజు మా క్లినిక్‌కి వచ్చారు.
పిల్ల బూట్లు చేత్తో పట్టుకుని పరిగెడుతోంది.
దరిమా కోటులోంచి ఒక రేకుడబ్బా తీసింది.
బొత్తాలు, సూదులు, ఒక పాత నాణెం,
వాటి మధ్య నాలుగు మాత్రలు.
"బస్టాపు కింద దుకాణంలో కొన్నాను.
ఒకటి అరగదీసి పోశాను, ఉమ్మేసింది.
మిగతావి దాచాను, మళ్లీ దగ్గొస్తే ఉంటాయని."

చెయ్యి చాచాను.
ఆమె నా చెయ్యి చూసింది, డబ్బా చూసింది,
మూత పెట్టేసింది.

ఏం చెయ్యాలో తోచక గడియారం తీశాను.
"మళ్లీ లెక్కా?" అంది.
చొక్కా ఎత్తగానే పిల్లకి చక్కిలిగిలి,
పకపకా నవ్వుతోంది.

ఏడుపులోలాగే
నవ్వులోనూ లెక్క కుదరదు.